పొద్దున ఏడున్నరకు తాళం వేయాలంటే: బడికి పోయే అమ్మల కోసం

"మేడం, మీరు పొద్దున ఎన్నింటికి లేస్తరు?"

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు, అందులోనూ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు మొదట అడిగేది ఇదే. దానికి జవాబు చెప్పి లాభం లేదు. నాలుగింటికి లేచినా, కూర ఏం చేయాలో తోచక ఫ్రిజ్ తలుపు తీసి నిలబడితే ఐదవుతుంది. ఇంకా ముందు లేవండని చెప్పే సలహాలు నాకు నచ్చవు. నిద్ర చాలని మనిషి నలభై మంది పిల్లల ముందు ఎనిమిది పీరియడ్లు ఎట్లా నెట్టుకొస్తుంది? పొద్దున చేతులకే పని ఉండాలి, తలకు ఉండకూడదు. ఏం వండాలి, ఏం తొడగాలి, ఎవరు ఏం చేయాలి అనేవన్నీ రాత్రే తేలిపోవాలి. కింద రాసిందంతా దాని కోసమే.

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో కాపురం ఉండి పరకాల, నర్సంపేట, ములుగు, జనగామ వైపు బళ్లకు పోయేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బడి తొమ్మిదింటికి, ఇంటికి తాళం ఏడున్నరకు అనుకుందాం. ఊళ్లోనే బడి ఉన్నవాళ్లు అన్ని వేళలూ ఒక గంట ఆలస్యంగా పెట్టుకోండి.

కావలసినవి

- మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు ఆరేడు
- మిక్సీ, ఐదు లీటర్ల కుక్కర్, అందులో ఒకదానిపై ఒకటి పట్టే రెండు గిన్నెలు
- ఐసు గడ్డల ట్రే ఒకటి
- ఉతికి ఆరేసిన పాత నూలు గుడ్డలు
- ఫ్రిజ్ తలుపుకు అంటించడానికి ఒక తెల్లకాగితం
- వాకిలి పక్కన ఒక చిన్న బుట్ట: తాళంచెవి, గుర్తింపు కార్డు, చిల్లర, ఎర్రపెన్నులు అందులోనే
- ఆదివారం రెండు రెండున్నర గంటలు

వీటిలో చాలావరకు మీ ఇంట్లో ఉన్నవే. ఆన్‌లైన్‌లో చూసి రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాల సెట్లు కొనకండి. అల్లం ఎల్లిగడ్డ వాసన ఒకసారి పట్టిందంటే వాటిని వదలదు, పసుపు మరక అసలే పోదు.

1. శనివారం రాత్రి కాగితం రాయండి

ఆరు రోజులకు టిఫిన్, బాక్సులోకి కూర. అంతే. రాత్రి కూర రాయకండి, పొద్దున చేసిందే కాస్త ఎక్కువ చేస్తే రాత్రికీ వస్తుంది, పక్కన ఓ పచ్చిపులుసు చాలు.

ఏ రోజు ఏ కూర అన్నది పిల్లల ఇష్టాన్ని బట్టి కాదు, ఏ కూరగాయ ఎన్నాళ్లు నిలుస్తుందో చూసి రాయాలి. ఆకుకూరలు, బెండకాయలు ముందు. గోకరకాయ, క్యారెట్, బీన్స్ వారం నడిమిట్ల. సొరకాయ, ఆలుగడ్డ, గుడ్లు చివరికి. ఒక నమూనా:

సోమ: ఇడ్లీ, పాలకూర పప్పు
మంగళ: ఇడ్లీ, బెండకాయ వేపుడు
బుధ: ఉప్మా, గోకరకాయ కూర
గురు: మిగిలిన ఇడ్లీపిండిలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి మందపాటి అట్లు, సొరకాయ పప్పు
శుక్ర: అటుకుల పోపు, గుడ్డు కూర
శని: రవ్వట్టు, ఆలుగడ్డ వేపుడు

శనివారం నీచు ముట్టని ఇళ్లు మన దగ్గర ఎక్కువ కాబట్టి గుడ్డును శుక్రవారానికి జరిపాను. మీ ఇంటి వారాలను బట్టి మార్చుకోండి. కాగితం రాశాక దానిలో ఉన్న కూరగాయలే కొనాలి. రైతు బజార్‌లో వంకాయలు నిగనిగలాడుతున్నాయని కిలో తెచ్చారంటే, ఆ వారం మొత్తం ప్లాను వంకాయల చుట్టూ తిరుగుతుంది.

2. ఆదివారం: ముందు నానేవి, తర్వాత నూరేవి, చివర కోసేవి

ఈ వరస తప్పితే రెండు గంటల పని నాలుగు గంటలవుతుంది.

*ఇడ్లీపిండి.* మినపప్పు ఒక గ్లాసు, ఇడ్లీరవ్వ రెండు గ్లాసులు. మధ్యాహ్నం పప్పు నానబోసి, సాయంత్రం రుబ్బండి. మన దగ్గర ఎండాకాలం సంగతి వేరు. మే నెలలో ఐదారు గంటలకే పిండి పొంగి గిన్నె దాటుతుంది, అందుకే ఆ రోజుల్లో మధ్యాహ్నమే రుబ్బి, పడుకునే ముందు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. డిసెంబర్, జనవరి చలికి రాత్రంతా ఉన్నా కదలదు. గిన్నెకు పాత దుప్పటి చుట్టి, గాలి తగలని చోట, బియ్యం డబ్బా పక్కన పెట్టండి. పులిసిందో లేదో ఎట్లా తెలుస్తుంది? గ్లాసెడు నీళ్లలో చిన్న పిండి ముద్ద వేయండి. తేలితే సరే. మునిగితే ఇంకో రెండు గంటలు ఆగాలి. ఆగే టైం లేకపోతే ఇడ్లీ ఆశ వదిలి అట్లు పోయండి.

*అల్లం ఎల్లిగడ్డ ముద్ద.* రెండూ సమానం, చెరో పావుకిలో. అల్లం కడిగాక గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఒక చెంచా ఉప్పు, చిటికెడు పసుపు, రెండు చెంచాల నూనె వేసి నూరాలి. చుక్క నీళ్లు కూడా పోయకూడదు. మిక్సీ తిరగడం లేదని నీళ్లు పోస్తే నాలుగో రోజుకే వాసన మారుతుంది, నూనె ఇంకో చెంచా పోయండి. ఒక్కోసారి ముద్ద ఆకుపచ్చగా మారుతుంది, అది ఎల్లిగడ్డ గుణం, పాడైనట్టు కాదు, పారబోయకండి. ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచండి, తడి చెంచా పెట్టొద్దు.

*చింతపండు గుజ్జు.* పావుకిలో చింతపండు వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిసికి, పిప్పి తీసేసి, గుజ్జును కాస్త ఉప్పుతో దగ్గరపడేదాకా ఉడికించండి. చారుకు, పులుసుకు పొద్దున ఒక చెంచా వేస్తే సరి. పచ్చిపులుసుకు మాత్రం ఇది వద్దు, రుచి తేలిపోతుంది. దానికి ఎప్పటికప్పుడు నానబెట్టిన చింతపండే కావాలి.

*ఉల్లిగడ్డ టమాట ముద్ద.* ఉల్లిగడ్డలు సన్నగా తరిగి ఎర్రగా వేయించి, టమాటలు వేసి నూనె పైకి తేలేదాకా మగ్గించండి. చల్లారాక నూరి, ఐసు ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. గుడ్డు కూరకు మూడు గడ్డలు, సొరకాయ పప్పుకు రెండు. ఆదివారం పని మొత్తంలో ఎక్కువ సేపు పట్టేది ఇదే, పొద్దున ఎక్కువ సేపు కలిసొచ్చేదీ ఇదే. పక్క పొయ్యి మీద ఇది మగ్గుతుండగానే కూరగాయలు కోసుకోండి.

*కోసి పెట్టడం.* గోకరకాయ, బీన్స్, క్యారెట్ కోసి డబ్బాలో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటాయి. డబ్బా అడుగున ఒక గుడ్డముక్క వేయండి. బెండకాయలు కడిగి తుడిచి ఆరబెట్టండి, కోయడం మాత్రం ముందు రోజు రాత్రే. వంకాయ, ఆలుగడ్డ కోసి పెట్టకండి, నల్లబడతాయి. ఆకుకూర కడగకుండా ఏరి, నూలు గుడ్డలో చుట్టాలి. కడిగి పెట్టిన పాలకూర మంగళవారానికే జిగురొస్తుంది.

*సర్వపిండి పొడి.* ఇది సాయంత్రాల కోసం. బడి నుంచి పిల్లలు ఆకలితో వస్తారు, అదే టైంకు మనమూ వస్తాం, అప్పుడే బిస్కెట్ ప్యాకెట్ తెగుతుంది. బియ్యంపిండి, నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, కారం, ఉప్పు కలిపి ఒక డబ్బాలో పెట్టండి. పొద్దున పోయేటప్పుడు గుప్పెడు శనగపప్పు నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టిపొండి. సాయంత్రం పప్పు, తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు వేసి నీళ్లతో కలిపి, గిన్నెలో పలచగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో నూనె చుక్క వేసి, మూతపెట్టి సన్న మంట మీద వదిలేయండి. అది కాలేలోపు మొహం కడుక్కుని చాయ్ తాగొచ్చు. వేడి గిన్నెలో పిండి ఒత్తితే చేయి కాలుతుంది, పిండీ అతకదు. అందుకే రెండు గిన్నెలు పెట్టుకోండి, ఒకటి కాలుతుంటే ఇంకోటి చల్లారుతుంది.

3. రాత్రి ఇరవై నిమిషాలు

భోజనాలయ్యాక, ఫోన్ పట్టుకోక ముందే:

- రేపటి బియ్యం, పప్పు కొలిచి గిన్నెల్లో పెట్టండి. కడగడం పొద్దుననే.
- పాలు తోడేయండి.
- పిల్లల డైరీ చూసి సంతకం చేయండి. "రేపు చార్టు తెమ్మన్నరు" అన్న మాట పొద్దున ఏడింటికి కాదు, రాత్రి తొమ్మిదింటికే బయటపడాలి. అడిగితే చెప్పరు, డైరీ తెరిచి చూడాల్సిందే.
- యూనిఫాం, బెల్టు, సాక్సులు, టై ఒకే కుర్చీ మీద. మీ చీర, జాకెట్, పిన్నులు ఇంకో కుర్చీ మీద. ఇస్త్రీ బట్టలు ఆరు జతలూ ఆదివారమే తయారై ఉండాలి.
- ఫోన్ ఛార్జింగ్. ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చాక, బడికి చేరేసరికి ఫోన్ చచ్చిపోతే వచ్చి కూడా రానట్టే.

4. పొద్దున: ఐదున్నర నుంచి ఏడున్నర

5:30 – పొయ్యి మీద పాలు, పక్కన నీళ్లు. కందిపప్పు కడిగి నానబోయండి.

5:50 – కుక్కర్‌లో కింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె. రెండో పొయ్యి మీద కూర పోపు. కుక్కర్ మూడు నాలుగు విజిళ్లు వచ్చాక కట్టేసి దాని మానాన వదిలేయండి. తొందరలో విజిల్ ఎత్తి ఆవిరి బలవంతంగా వదిలితే పప్పు పైకి చిమ్ముతుంది, చేతులూ కాలుతాయి. ఆవిరి దానంతటదే దిగే ఆ పది నిమిషాల్లో టిఫిన్ అయిపోతుంది.

6:20 – పిల్లల్ని లేపడం, స్నానాలు. ఇది వేరేవాళ్ల పని, ఐదో మెట్టు చూడండి.

6:40 – అన్నం, కూర వెడల్పు పళ్లెంలో ఆరబెట్టండి. పొగలు కక్కే అన్నం డబ్బాలో కుక్కి మూత బిగిస్తే, లోపల ఆవిరి నీరై మధ్యాహ్నానికి మెత్తబడి వాసనొస్తుంది. పది నిమిషాలు ఆరనిస్తే చాలు.

7:00 – మీ స్నానం, తయారవడం. కొందరు అందరి పని అయ్యాక చివర్లో తయారవుతారు, టిఫిన్ మానేస్తారు. దయచేసి ఆ అలవాటు చేసుకోకండి. రెండు ఇడ్లీలు నిలబడైనా తినండి.

7:20 – బాక్సులు, సంచులు, గ్యాస్ సిలిండర్ కట్టడం.

పెరుగన్నం పెట్టేవాళ్లకు ఒక చిట్కా. అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా కలిపి పంపండి. మధ్యాహ్నం డబ్బా తెరిచేసరికి కమ్మగా తోడుకుని ఉంటుంది. పొద్దుననే అంతా పెరుగు కలిపితే, మార్చి దాటాక మధ్యాహ్నానికి పులిసి పిల్లలు ముట్టరు.

రాత్రి మిగిలిన అన్నంతో పులిహోర చేసి పెడదామనుకుంటే, ఆ అన్నం రాత్రే ఫ్రిజ్‌లోకి పోవాలి. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని పొద్దున ఎంత వేయించినా కడుపుకు పడదు. కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం వేడికి పోదు.

5. ఒక పని పూర్తిగా ఒకరిదే

"కొంచెం చూడండి" అని ఆయనకు చెప్పడం పని అప్పజెప్పినట్టు కాదు. స్నానాలు చేయించడం, తల దువ్వడం, నీళ్ల సీసాలు నింపడం, ఆటో ఎక్కించడం అని పేర్లు పెట్టి కాగితం మీద రాయండి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు తమ బాక్సు, సీసా తామే సంచిలో పెట్టుకోగలరు, రాత్రి డబ్బా సింక్‌లో వేయగలరు. అత్తమ్మ ఇంట్లో ఉంటే కూరగాయలు కోయడం ఆమెకు ఇవ్వొచ్చు, కానీ ముందు రోజు సాయంత్రమే "అత్తమ్మా, రేపటికి బెండకాయలు" అని చెప్పాలి. పొద్దున ఆరింటికి కత్తిపీట ముందర పెడితే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది.

ఇచ్చిన పని మళ్లీ మీరు సరిదిద్దకండి. జడ కొంచెం వంకరగా ఉందని విప్పి మళ్లీ వేస్తే, రేపటి నుంచి ఆ పని మళ్లీ మీ నెత్తిమీదకే వస్తుంది. వంకర జడతో ఏ పిల్లా ఫెయిల్ కాదు.

6. బస్సు

2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మనకు టికెట్ ఖర్చు లేదు. జీరో టికెట్ మాత్రం అడిగి తీసుకోవాలి, ఆధార్ లాంటి కార్డు బుట్టలో కాదు, సంచిలోనే ఎప్పుడూ ఉండాలి. డీలక్స్, లగ్జరీ బస్సులకు ఇది వర్తించదు, తొందరలో ఎక్కి కండక్టర్‌తో వాదన పెట్టుకోకండి. జనం పెరిగారు కాబట్టి మీకు కావాల్సిన బస్సు కన్నా ముందు బస్సు టైం కూడా తెలుసుకుని ఉంచుకోండి. రెండేళ్లకోసారి మేడారం జాతర రోజుల్లో బస్సులు అటు మళ్లుతాయి. ఆ వారం ములుగు దారిలో పోయేవాళ్లు బండి మీదో, తోటి టీచర్లతో కలిసి కారులోనో పోయేట్టు ముందే మాట్లాడుకోవాలి.

7. పేపర్లు ఇంటికి తేకండి, తెచ్చినా ఇట్లా దిద్దండి

ఏడాదిలో నాలుగు చిన్న పరీక్షలు (ఎఫ్‌ఏలు), రెండు పెద్ద పరీక్షలు (ఎస్‌ఏలు). హైస్కూల్లో ఎఫ్‌ఏ 20 మార్కులకు, ఎస్‌ఏ 80కి. రెండు మూడు సెక్షన్లు ఉంటే కట్టలు కట్టలుగా ఇంటికొస్తాయి, ఆదివారం పని మొత్తం వాటి కిందే నలిగిపోతుంది. అందుకే ఈ మెట్టు వంటతో సమానం.

ముందు ఐదు పేపర్లు మార్కులు వేయకుండా చదవండి. పిల్లలు ఎట్లా రాశారో, అర మార్కు ఎక్కడ ఇవ్వాలో తేలుతుంది. తర్వాత ఒక పేపర్ మొత్తం దిద్దడం మాని, మొదటి ప్రశ్న అందరిదీ దిద్దండి. ఆ తర్వాతే రెండో ప్రశ్న. ఒకే జవాబు తలలో ఉంటుంది కాబట్టి చేయి ఆగదు. ఒకే జవాబుకు ఒకరికి రెండు, ఒకరికి మూడు పడే గొడవ కూడా తగ్గుతుంది. పేరున్న మొదటి పేజీ మడిచిపెట్టండి. బాగా చదివే పిల్ల పేరు కనబడితే మనకు తెలియకుండానే చేయి ఉదారంగా మారుతుంది.

పది పేపర్లకొక క్లిప్పు. ఒక ఖాళీ పీరియడ్‌కు ఒక కట్ట అని పెట్టుకోండి. మార్కులు కూడటం దిద్దేటప్పుడు వద్దు, అన్నీ అయ్యాక ఒకేసారి. బస్సులో దిద్దకండి, పెన్ను జారి సున్నా పక్కన గీత పడితే తలనొప్పి మీకే. భోజనాల బల్ల మీద అసలే వద్దు, పప్పు మరక పడిన పేపర్ చూపిస్తే తల్లిదండ్రులు ఊరుకోరు.

సరిచూసుకోవడానికి: మొదట దిద్దిన పేపర్, చివర దిద్దిన పేపర్ పక్కపక్కన పెట్టి ఒకే ప్రశ్నకు పడ్డ మార్కులు చూడండి. అలసిపోయాక చేయి బిగుసుకుపోతుంది, తేడా అక్కడే దొరుకుతుంది. పేపర్లు పంచాక పిల్లల్నే మళ్లీ కూడమనండి. ఒక్క మార్కు తక్కువ పడినా ఐదు నిమిషాల్లో పట్టుకుంటారు. ఆ తర్వాతే ఆన్‌లైన్‌లో ఎక్కించండి.

ఎక్కువమంది ఎక్కడ తప్పుతారు

మొదటి ఆదివారమే అన్నీ మొదలుపెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మూడు గంటలు నిలబడి నడుము పట్టేసి, రెండో ఆదివారానికి మానేస్తారు. మొదటి వారం కాగితం, అల్లం ఎల్లిగడ్డ ముద్ద చాలు. రెండో వారం ఇడ్లీపిండి కలపండి. మిగతావి మెల్లగా.

ఇంకొకటి, కూరలే వండి ఫ్రిజ్‌లో పెట్టేయడం. నాలుగు రోజుల కూర ఇంట్లో ఎవరూ ఇష్టంగా తినరు, కరెంటు ఎక్కువసేపు పోయిందంటే అన్నీ ఒకేసారి పాడవుతాయి. ముద్దలు, గుజ్జులు ముందే చేయండి, కూర మాత్రం పొద్దున తాజాగా. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

బట్టల సంగతి కూడా చెప్పాలి. నల్లా నీళ్లు వచ్చే రోజు చూసి మిషన్ వేయండి, ఆదివారం మీదకు అన్నీ తోయకండి. ఆదివారం కాసేపు పడుకోవడం కూడా ఈ లెక్కలో ఉంది.

పని చేస్తోందా లేదా ఎట్లా తెలుస్తుంది

గోడ క్యాలెండర్ మీద, ఏ రోజు ఎన్నింటికి తాళం వేశారో ఆ తేదీ గడిలో రాయండి. రెండు వారాలు రాస్తే ఏ రోజు ఆలస్యమవుతోందో కనబడుతుంది. చాలా ఇళ్లలో అది సోమవారమో, టిఫిన్ అట్లు ఉన్న రోజో. అట్లు ఒక్కొక్కటే పోయాలి కాబట్టి పొయ్యి దగ్గరే నిలబడిపోతాం. ఆ రోజు అటుకులు పెట్టండి.

సాయంత్రం పిల్లల డబ్బాలు తెరిచి చూడండి. వరసగా రెండుసార్లు తిరిగొచ్చిన కూరను కాగితంలోంచి తీసేయండి, వాదించొద్దు. బుధవారం రాత్రి ఫ్రిజ్ చూడండి. కోసిన కూరగాయలు ఎక్కువ మిగిలితే తక్కువ కొనాలి, అప్పటికే ఖాళీ అయితే గుడ్లు, పప్పు పెంచాలి.

అసలు పరీక్ష ఇంకోటి ఉంది. ఒక రోజు మీరు లేవకుండా పడుకోండి. ఫ్రిజ్ మీది కాగితం చూసి ఇంట్లోవాళ్లు పిల్లల్ని బడికి పంపగలిగారంటే ఏర్పాటు కుదిరినట్టు. "ఉప్పు డబ్బా ఏది?" అని మూడుసార్లు లేపితే డబ్బాల మీద పేర్లు అంటించండి.

ఆదివారం కుదరకపోతే

పెళ్లో, ఎలక్షన్ డ్యూటీయో, ఊళ్లో చావో వచ్చి ఆదివారం పోతుంది. బతుకమ్మ రోజుల్లో సాయంత్రాలూ మనవి కావు. అప్పుడు మూడే పనులు: కాగితం, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, డజను గుడ్లు. మిగతా వారం ఉప్మా, అటుకులు, పప్పుచారు, తొక్కుతో నడిపించండి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే మాత్రం ఈ వేళలన్నీ మారాలి. బడి ఎనిమిదికి, తాళం ఆరున్నరకు. అప్పుడు మధ్యాహ్నం బాక్సు అవసరం లేదు, ఒంటిగంటన్నర రెండింటికి ఇంటికొచ్చి వేడిగా తినొచ్చు. కాబట్టి పొద్దున కూర మాని టిఫిన్ ఒక్కటే చేయండి, బియ్యం, పప్పు కుక్కర్‌లో కాకుండా పొడిగా గిన్నెల్లో కొలిచి పెట్టి పొండి, ఎవరు ముందు ఇల్లు చేరితే వాళ్లు కడిగి పొయ్యి మీద పెడతారు.